పాత ఎస్ఈపీలో పేర్లు మార్చి ఇమ్మన్నారు. అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

#1 కొత్తగూటి

అందరికీ నమస్కారం. ఇక్కడ చాన్నాళ్లుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

పదకొండేళ్లు ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను. నాలుగు నెలల కిందట అమెరికా రక్షణ శాఖ ప్రోగ్రామ్ ఆఫీసు ఒకదానిలో సపోర్ట్ ఇంజినీరుగా చేరాను. మైల్‌స్టోన్ బి, అంటే అసలు డెవలప్‌మెంట్‌కి అనుమతి దొరికే మెట్టు, దగ్గర పడుతోంది. సిస్టమ్స్ ఇంజినీరింగ్ ప్లాన్, అదే ఎస్ఈపీ, నా నెత్తిన పడింది. మా పైఆయన వేరే ప్రోగ్రామ్ తాలూకు 140 పేజీల ఎస్ఈపీ పంపించి, "ఇది ఆమోదం పొందిందే, పేర్లూ తేదీలూ మార్చు, మూడు వారాల్లో అయిపోతుంది" అన్నారు. ఆయన సాయం చేద్దామనే పంపారు, అందులో సందేహం లేదు.

రెండు రోజులు కూర్చుని చదివాను. చార్టులు ఉన్నాయి, కమిటీల పేర్లు ఉన్నాయి, రివ్యూల వరుస ఉంది. మాకు నిద్ర పట్టనివ్వని సెన్సర్ సంగతిని అందులో ఎక్కడ ఇరికించాలో మాత్రం అర్థం కాలేదు. పేర్లు మార్చి ఇస్తే సంతకాలు అయిపోతాయేమో. కానీ ఆ తర్వాత ఎవరైనా దాన్ని తెరిచి చూస్తారా? కాంట్రాక్టర్ ఎలాగూ తన ప్లాన్ తను ఇస్తాడు కదా, మళ్లీ మనం రాయడం ఎందుకు? నిజంగా పనికొచ్చేది రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

#2 మోడరేటర్

స్వాగతం అండి. అందరికీ ఒక్క మాట: ప్రోగ్రామ్ పేరు, పనితీరు అంకెలు, కాంట్రాక్టర్ పేరు ఇక్కడ రాయొద్దు. పద్ధతి గురించి ఎంతైనా మాట్లాడుకోవచ్చు.

#3 నిశితం

కాంట్రాక్టర్ ప్లాన్ గురించి ముందు చెప్తాను, చాలామంది తడబడేది అక్కడే. ఎస్ఈపీ ప్రభుత్వం రాసుకునేది. కాంట్రాక్టర్ ఇచ్చేది ఎస్ఈఎంపీ, అంటే సిస్టమ్స్ ఇంజినీరింగ్ మేనేజ్‌మెంట్ ప్లాన్. మొదటిది "మేం ఈ పనిని ఇలా నడిపిస్తాం, ఇక్కడ ఇది చూసి ఒప్పుకుంటాం" అని చెప్తుంది. రెండోది "మీరు అడిగింది మేం ఇలా చేస్తాం" అంటుంది. రెండూ ఒకదానికొకటి అతకాలి. ప్రభుత్వం తన ప్లాన్ గట్టిగా రాసుకోకపోతే కాంట్రాక్టర్ ప్లానే ప్రభుత్వ ప్లాన్ అయిపోతుంది. అప్పుడు పని చేసేవాడూ, పని బాగుందని ఒప్పుకునేవాడూ ఒక్కడే అవుతాడు.

#4 పాతకాపు

కొత్తగూటి గారూ, ఆ పాత ఎస్ఈపీని ఒక వారం పక్కన పెట్టండి. టెంప్లేట్ కూడా తెరవకండి.

ఒక తెల్లకాగితం తీసుకుని, ఇప్పటి నుంచి ఉత్పత్తి మొదలయ్యే దాకా మీ ప్రోగ్రామ్‌లో తీసుకోవాల్సిన పెద్ద సాంకేతిక నిర్ణయాలు రాయండి. పదో పన్నెండో వస్తాయి. ఆ సెన్సర్‌తోనే ముందుకు పోవాలా, ప్రత్యామ్నాయానికి మారాలా? ఇంటర్‌ఫేస్‌ని ఎప్పుడు గట్టిగా బిగించేయాలి? ఏ పరీక్ష నిజమైన హార్డ్‌వేర్ మీద చేయాలి, ఏది సిమ్యులేషన్‌తో సరిపెట్టుకోవచ్చు? ఒక్కో నిర్ణయం పక్కన మూడు సంగతులు రాయండి: ఎవరు తీసుకుంటారు, ఏ ఆధారం చూసి తీసుకుంటారు, ఏ సంఘటనకు ముందు తీసుకోవాలి. మీ ఎస్ఈపీ ప్రాణం ఆ కాగితమే. మిగతా పేజీలన్నీ దానికి ఒళ్లు.

ఇంకో మాట, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది. ఈ పని డెవలప్‌మెంట్ ఆర్‌ఎఫ్‌పీ, అంటే కాంట్రాక్టర్ల నుంచి ప్రతిపాదనలు కోరే పత్రం, బయటికి వెళ్లకముందే అయిపోవాలి. మైల్‌స్టోన్ బి దాకా టైముంది కదా అనుకోవద్దు. ఎందుకో నా అనుభవం చెప్తాను.

చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక ప్రోగ్రామ్‌లో ఆర్‌ఎఫ్‌పీ ముందు వెళ్లిపోయింది, ఎస్ఈపీ తర్వాత రాశాం. చక్కగా రాశాం కూడా. ఇంటర్‌ఫేస్ కంట్రోల్ వర్కింగ్ గ్రూపు నెలకోసారి కూర్చుంటుందని, కాంట్రాక్టర్ తన ఇంటర్‌ఫేస్ మోడల్‌ని మాతో పంచుకుంటాడని అందులో ఉంది. మొదటి మీటింగ్‌కి వాళ్ల నుంచి ఒక్క మనిషి వచ్చాడు, చేతిలో నోట్‌బుక్ తప్ప ఏమీ లేదు. "మోడల్ ఏదండీ" అంటే, "అది మా కాంట్రాక్టు డెలివరీల లిస్టులో లేదండీ, ధర కూడా కట్టలేదు" అన్నాడు. అతని తప్పేమీ లేదు, మేం అడగలేదు. అడగడానికి కాంట్రాక్టు మార్చాల్సి వచ్చింది. మార్చేసరికి ఏడు నెలలు గడిచాయి. ఆ ఏడు నెలల్లో రెండు వైపులా కనెక్టర్ పిన్నుల వరుస వేర్వేరుగా గీసేశారు. ల్యాబులో కేబుల్ తెచ్చి పెట్టిన రోజు, పవర్ పిన్ను ఉండాల్సిన చోట డేటా పిన్ను ఉంది. మల్టీమీటర్ పెట్టి చూసిన టెక్నీషియన్ చేయి వెనక్కి తీసుకుని మా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

కాంట్రాక్టులో లేనిది ప్లాన్‌లో ఎంత అందంగా రాసుకున్నా మన కోరిక మాత్రమే. అందుకే ఎస్ఈపీలోని ప్రతి వాక్యానికీ ఆర్‌ఎఫ్‌పీలో ఒక జోడీ వాక్యం ఉందా అని వెతకాలి. లేకపోతే అక్కడ చేర్చాలి, లేదా ఇక్కడ తీసేయాలి.

#5 అవతలిగట్టు

పాతకాపు గారి మాట చాలావరకు ఒప్పుకుంటాను కానీ, "టెంప్లేట్ తెరవకండి" అన్న సలహా కొత్తవాళ్లకి ప్రమాదం. నేను కొన్నేళ్లు ఎస్ఈపీలు పరిశీలించే వైపు కూర్చున్నాను, అందుకే ఈ మాట అంటున్నా.

ఆ టెంప్లేట్ ఎందుకొచ్చిందో చూడండి. ప్రతి ప్రోగ్రామ్‌కీ ఎస్ఈపీ ఉండాలని రక్షణ శాఖ 2004లో పాలసీ పెట్టింది. 2009లో ఆయుధ సేకరణ సంస్కరణ చట్టం, వాడుకలో డబ్ల్యూసారా, పెంటగాన్‌లో సిస్టమ్స్ ఇంజినీరింగ్‌కి ప్రత్యేకంగా డైరెక్టర్ పదవి ఏర్పాటు చేసింది. 2020 నవంబరులో వచ్చిన డీఓడీ ఇన్‌స్ట్రక్షన్ 5000.88 ఇంజినీరింగ్ మొత్తాన్నీ ఒక చోటికి తెచ్చింది. దాన్ని అనుసరించే ఎస్ఈపీ అవుట్‌లైన్ 4.0 వెర్షన్ 2021లో, 4.1 వెర్షన్ 2023లో వచ్చాయి. అందులో ఒక్కో శీర్షిక వెనకా ఎక్కడో ఒక ప్రోగ్రామ్ తిన్న దెబ్బ ఉంది. మీ తెల్లకాగితం మీద విశ్వసనీయత, సైబర్ భద్రత, తయారీ సామర్థ్యం రాయడం మర్చిపోతే గుర్తుచేసేది ఆ టెంప్లేటే.

కాగితం ముందు రాయండి, సరే. తర్వాత టెంప్లేట్‌తో సరిచూడండి. శీర్షిక మీకు వర్తించకపోతే ఎందుకు వర్తించదో రెండు ముక్కల్లో రాయండి. పరిశీలించేవాళ్లు కోరుకునేది అదే. ఖాళీగా వదిలేస్తే తిప్పి పంపుతారు, అనవసరమైన పేరాలతో నింపేస్తే మీ అసలు సంగతి వాటి కింద పడిపోతుంది.

ఇక పేర్లు మార్చిన ఎస్ఈపీ. రిస్కుల పేజీ, సిబ్బంది పేజీ పక్కపక్కన పెట్టి చదివితే అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది. పెద్ద రిస్కు సెన్సర్ అని ఒక చోట రాసి ఉంటుంది. సిబ్బంది పట్టికలో సెన్సర్లు తెలిసిన మనిషి ఒక్కరూ ఉండరు.

#6 బరువులెక్క

నాకు తెలిసిన మూల చెప్తాను. నేను బరువుల మనిషిని, మాస్ ప్రాపర్టీస్.

టెక్నికల్ పెర్ఫార్మెన్స్ మెజర్స్, టీపీఎంలు, అన్న శీర్షిక కింద పాత ఎస్ఈపీల్లో ఒక పట్టిక ఉంటుంది: బరువు, పవర్, ప్రాసెసర్ వాడకం, ఎంటీబీఎఫ్ (రెండు వైఫల్యాల మధ్య సగటు సమయం). ఎదురుగా లక్ష్యం, ఇప్పటి అంచనా. పట్టిక ఉంటే చాలదు. కాలం గడిచేకొద్దీ ఆ అంకె ఎలా కదలాలో ముందే గీసిన గీత ఉండాలి. డిజైన్ ముదిరేకొద్దీ బరువు పెరుగుతుంది, అది దాని స్వభావం. అందుకే మొదట్లో ఎక్కువ మార్జిన్ పెట్టుకుని, ప్రతి రివ్యూకీ ఎంత మిగలాలో ముందే రాసుకుంటాం. అసలు గీత ప్లాన్ గీతను దాటితే ఎవరికి ఫోన్ వెళ్లాలి, వాళ్లు ఎన్ని రోజుల్లో ఏం చేయాలి అన్నది ఎస్ఈపీలో ఉండాలి. మార్జిన్ ఎవరి చేతిలో ఉందో కూడా రాయండి. ఎవరూ కాపలా లేని మార్జిన్‌ని సబ్‌సిస్టమ్ టీములు ఎవరికి దొరికినంత వాళ్లు తీసేసుకుంటారు. వాళ్ల అవసరాలూ నిజమైనవే, కానీ చివరికి ఏమీ మిగలదు.

బరువుల షీటు దగ్గరగా చూస్తే ప్రతి భాగం పక్కనా మూడు రకాల్లో ఒకటి ఉంటుంది: అంచనా వేసింది, డ్రాయింగ్ నుంచి లెక్కగట్టింది, తూకం వేసింది. మొత్తం ఒక్కటే చూడకండి. అందులో ఎంత శాతం ఇంకా అంచనా దగ్గరే ఆగిపోయిందో చూడండి. ఒకసారి మా షీటు అంతా పచ్చగా ఉంది, ఎక్కడా ఎరుపు లేదు. పెట్టెలన్నీ లెక్కలో ఉన్నాయి. పెట్టెకీ పెట్టెకీ మధ్య వెళ్లే కేబుల్ హార్నెస్, దాన్ని పట్టుకునే క్లాంపులు, బ్రాకెట్లు ఎవరి షీటులోనూ లేవు. ప్రతి టీమూ "అది పక్కవాళ్లది" అనుకుంది. మార్జిన్‌లో సగం ఆ తీగలకే పోయింది.

పెద్ద ఉదాహరణ ఎఫ్-35బి యుద్ధవిమానం. నిలువుగా దిగాల్సిన ఆ రకం 2004 నాటికి 2,000 పౌండ్లకు పైగా ఎక్కువ బరువు తేలింది. పాత విమానాల లెక్కల మీద వేసిన అంచనా కొత్త విమానానికి సరిపోలేదు. స్టోవ్ల్ వెయిట్ అటాక్ టీమ్ అని ప్రత్యేకంగా ఒక బృందాన్ని పెట్టి నెలల తరబడి ఆ బరువు దించాల్సి వచ్చింది, డిజైన్ మళ్లీ తిరగరాయాల్సి వచ్చింది. కొత్తగూటి గారూ, మీరు 140 పేజీల పాత ప్లాన్ గురించి రాసింది చదివితే నాకు వెంటనే ఇదే గుర్తొచ్చింది.

#7 కొత్తగూటి

అందరికీ చాలా థాంక్స్. ఇన్ని విషయాలు ఒక్కరోజులో వస్తాయనుకోలేదు.

రెండో టెన్షన్ పీడీఆర్ (ప్రిలిమినరీ డిజైన్ రివ్యూ) తేదీ. మాస్టర్ షెడ్యూల్లో తేదీ వేసేశారు, ఎస్ఈపీలో దాన్నే రాయమన్నారు. సెన్సర్ ల్యాబు పరీక్ష అప్పటికి పూర్తవుతుందన్న నమ్మకం నాకు లేదు. తేదీ నేను మార్చలేను. మరి ఏం రాయాలి?

#8 అవతలిగట్టు

తేదీ రాయండి, దాని పైన ప్రవేశ అర్హతలు, అంటే రివ్యూ మొదలవ్వాలంటే ముందే పూర్తికావాల్సినవి, రాయండి. రివ్యూలు సంఘటనని బట్టి జరగాలి, క్యాలెండర్‌ని బట్టి కాదు అన్నది అందరూ చెప్పేదే. అర్హతలు అవును కాదు అని తేల్చగలిగేలా ఉంటేనే అది నిజమవుతుంది. "సెన్సర్ డిజైన్ తగినంత పరిణతి సాధించాలి" అని రాస్తే ఆ రోజు ఎవరైనా సాధించిందనే అంటారు. "సెన్సర్ ప్రోటోటైపు, అనుకున్న ఉష్ణోగ్రతల మధ్య పరీక్ష పూర్తి చేసుకుని, ఆ రిపోర్టు రివ్యూకి 30 రోజుల ముందు ప్రభుత్వం చేతికి రావాలి" అని రాయండి. రాకపోతే తేదీ జరపమని మీరు అడగక్కర్లేదు, ఆ వాక్యమే అడుగుతుంది.

మీకు చట్టం కూడా తోడుంది. పెద్ద ప్రోగ్రాముల్లో మైల్‌స్టోన్ బి కంటే ముందు పీడీఆర్ జరగాలన్న నియమం డబ్ల్యూసారాతో వచ్చింది. టెక్నాలజీని సంబంధిత వాతావరణంలో చూపించారని, అంటే టీఆర్‌ఎల్ (టెక్నాలజీ ఎంత సిద్ధంగా ఉందో చెప్పే కొలమానం) 6 స్థాయికి వచ్చిందని, ఆమోదించే అధికారి చూసుకోవాలి. పూర్తికాని పరీక్ష మీద పీడీఆర్ నడిపేస్తే ఆ ఆమోదం కింద నేల ఉండదు. ఆ తర్వాత వచ్చే సీడీఆర్‌కి (క్రిటికల్ డిజైన్ రివ్యూ) కూడా ఇలాంటి గీటురాయి ఉంది: ఇంజినీరింగ్ డ్రాయింగుల్లో 90 శాతం అప్పటికి విడుదలై ఉండాలని అమెరికా చట్టసభ తరఫున ఆడిట్ చేసే జీఏఓ ఏళ్ల తరబడి చెప్తూ వస్తోంది.

#9 రెండోకంపైల్

సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చానన్నారు కాబట్టి ఒక మాట. ఇదంతా పెద్ద హార్డ్‌వేర్ దారి. 2020 నుంచి అడాప్టివ్ అక్విజిషన్ ఫ్రేమ్‌వర్క్ కింద వేర్వేరు దారులున్నాయి. త్వరగా తెచ్చేందుకు పెట్టిన మిడిల్ టియర్ దారి అయితే అయిదేళ్ల లోపు ప్రోటోటైపో, మోహరింపో కావాలి. సాఫ్ట్‌వేర్ దారిలో ఏ, బి, సి మైల్‌స్టోన్లు ఉండవు. అక్కడ "ఎస్ఈపీ అక్కర్లేదు, మేం అజైల్" అనేవాళ్లని చాలామందిని చూశాను.

నేను ఉన్న టీము అదే అంది. స్ప్రింటులు బాగా నడిచాయి, డెమోలు బాగున్నాయి. అసలు రేడియో హార్డ్‌వేర్ మా ల్యాబుకి ఎప్పుడొస్తుంది, రాకపోతే ఎమ్యులేటర్ ఎవరు కడతారు అన్నది ఎక్కడా రాసి లేదు. పద్నాలుగో స్ప్రింటులో తెలిసింది, ఎమ్యులేటర్ పక్క టీము కడుతోందని మేం, మేం కడుతున్నామని వాళ్లు అనుకుంటున్నామని. ప్లాన్ 20 పేజీలే ఉండనివ్వండి. ఇంటిగ్రేషన్ ల్యాబులో ఏ నెలలో ఏం ఉండాలో చెప్పే ఒక్క పేజీ మాత్రం అందులో తప్పకుండా ఉండాలి.

#10 నిశితం

చెడ్డ వార్త ఏ దారిన పైకి వెళ్లాలో కూడా ప్లాన్‌లో రాయండి. ఇది ఎవరూ అడగరు, అందుకే చెప్తున్నా.

నేవీ ఏ-12 విమానం సంగతి తెలిసే ఉంటుంది. బరువు పెరిగింది, ఖర్చు పెరిగింది, షెడ్యూలు జారింది. 1991 జనవరిలో అప్పటి రక్షణ మంత్రి డిక్ చెనీ దాన్ని రద్దు చేశారు. కోర్టు గొడవ 2014 దాకా సాగింది. నన్ను పట్టుకున్నది రద్దుకు ముందు, 1990 చివర్లో వచ్చిన, నేవీ చేయించిన బీచ్ విచారణ నివేదిక. ఖర్చు, షెడ్యూలు చెడిపోతున్నాయని చెప్పే అంకెలు కింద ఉన్నవాళ్ల దగ్గర ఉన్నాయి. అవి పైదాకా ఉన్నవున్నట్టు వెళ్లలేదు. లెక్కలు వేసినవాళ్లకి లెక్క తెలుసు. దాన్ని పైకి తీసుకెళ్లే దారి లేదు, ఉన్నా అందులో ప్రతి మెట్టు మీదా కొంచెం కొంచెం మెత్తబడింది.

ఆ తర్వాత 1994లో రక్షణ మంత్రి విలియం పెర్రీ మెమోతో సైనిక ప్రమాణాలు చాలావరకు పక్కకు పోయాయి. 1969 నుంచి ఉన్న సిస్టమ్స్ ఇంజినీరింగ్ ప్రమాణం మిల్-స్టాండర్డ్ 499 కుటుంబంలో బి వెర్షన్ బయటికే రాలేదు. ఆ సంస్కరణకి కారణాలు ఉన్నాయి, కాదనను. కానీ పద్ధతితో పాటు ప్రభుత్వంలో ఆ పద్ధతి తెలిసిన మనుషులూ తగ్గారు. అందుకే ఎస్ఈపీలో లీడ్ సిస్టమ్స్ ఇంజినీరు ఎవరు, ఆయనకి ప్రోగ్రామ్ మేనేజర్‌తో విభేదం వస్తే ఎవరి దగ్గరికి వెళ్లొచ్చు అన్నది పేరుతో సహా ఉండాలి. బాక్సుల చార్టు గీస్తే సరిపోదు.

#11 విడిభాగం

మెయింటెనెన్స్ వాళ్లం ఎప్పుడూ చివర్లోనే మాట్లాడతాం, ఇక్కడ కూడా అలాగే అయింది!

ఒక ఆయుధ వ్యవస్థ జీవితకాల ఖర్చులో దాదాపు 70 శాతం వాడకం, నిర్వహణలదే అని జీఏఓ చెప్తుంది. ఆ ఖర్చుని నిర్ణయించే డిజైన్ మాత్రం ఇప్పుడు మీ టేబుల్ మీద ఉంది. 2019 జనవరి 1 తర్వాత మైల్‌స్టోన్ ఏ లేదా బి పొందే పెద్ద ప్రోగ్రాములు మాడ్యులర్ ఓపెన్ సిస్టమ్ పద్ధతిలో, అంటే భాగాలను విడివిడిగా మార్చుకోగలిగేలా, ఉండాలని చట్టమే అంటోంది. ఎస్ఈపీలో ఆ పేరు కింద ఒక పేరా రాసి ఊరుకుంటే పని కాదు. ఏ ఇంటర్‌ఫేసులు తెరిచి ఉంచాలి, వాటి డేటా హక్కులు ఎవరివి అన్నది పేరుపేరునా రాయండి. పాతకాపు గారు చెప్పినట్టు అది ఆర్‌ఎఫ్‌పీలోకి వెళ్లాలి. పోటీ ఉన్నప్పుడు అడిగితే డేటా ధర ఒకటి, పదేళ్ల తర్వాత ఒక్క సప్లయరే మిగిలాక అడిగితే ఇంకొకటి.

నేల మీది భాగాన్ని కూడా మర్చిపోకండి. సెంటినెల్ క్షిపణి ప్రోగ్రామ్ 2024లో నన్-మెకర్డీ చట్టం కింద, అంటే ఖర్చు అదుపు తప్పితే చట్టసభకు చెప్పాలనే చట్టం కింద, క్రిటికల్ గీత దాటింది. సవరించిన అంచనా దాదాపు 14,100 కోట్ల డాలర్లకు, అంటే 81 శాతం పైకి, వెళ్లింది. మైల్‌స్టోన్ బి ఆమోదాన్నే వెనక్కి తీసుకున్నారు. పెరుగుదలలో ఎక్కువ భాగం క్షిపణిది కాదు, దాన్ని ప్రయోగించే నేలమీది ఏర్పాట్లది. అందరి కళ్లూ ఎగిరేదాని మీదే ఉంటాయి. మీ సెన్సర్‌ని పెట్టే షెల్టరు, దానికి కరెంటిచ్చే జనరేటరు ఎవరి రిస్కుల లిస్టులో ఉన్నాయో ఒకసారి చూడండి.

#12 కొత్తగూటి

రెండున్నర వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను. ఏం జరిగిందో చెప్పడం నా బాధ్యత అనిపించింది.

తెల్లకాగితం రాశాను, పదకొండు నిర్ణయాలు వచ్చాయి. దాన్ని పట్టుకుని పైఆయన దగ్గరికి వెళ్లాను. పాత ప్లాన్ బాగోలేదని అనలేదు. "ఈ పదకొండింటిలో నాలుగింటికి ఎవరు నిర్ణయిస్తారో నాకు తెలియలేదు, మీరు చెప్పగలరా" అని అడిగాను. ఆయన పెన్ను తీసుకుని రెండు నింపారు. మూడోదాని దగ్గర ఆగి, "ఇది మనమా, యూజర్ వైపా?" అని నన్నే అడిగారు. నాలుగోది ఇద్దరికీ తెలియలేదు. ఆ మధ్యాహ్నమే చీఫ్ ఇంజినీరుతో మీటింగ్ పెట్టించారు.

ఇప్పటి పరిస్థితి ఇది. ఆర్‌ఎఫ్‌పీ డ్రాఫ్టుతో వాక్యం వాక్యం జత చూస్తే తొమ్మిది చోట్ల జోడీ లేదు. ఆరు చేర్చారు, మూడు మేం ఎస్ఈపీ నుంచి తీసేశాం, ఎందుకంటే వాటికి డబ్బు లేదని ఒప్పుకున్నారు. పీడీఆర్ తేదీ అలాగే ఉంది. సెన్సర్ పరీక్ష రిపోర్టు 30 రోజుల ముందు అన్న వాక్యం మాత్రం పడింది, దాని మీద గట్టి వాదనే జరిగింది. అవతలిగట్టు గారి మాట ప్రకారం టెంప్లేట్‌తో సరిచూశాను, తయారీ సామర్థ్యం నేను నిజంగానే మర్చిపోయాను. ప్లాన్ ఇప్పటికి 74 పేజీలు. మూడు వారాల్లో కాదు, ఇంకో నెల పడుతుంది. ఆ నెల ఇచ్చారు.

బరువులెక్క గారూ, ఇవాళ ఇంటిగ్రేషన్ టీమ్ షీటు తెరిచాను. హార్నెస్ కోసం వెతికాను. అసలు ఆ వరుసే లేదు.

#13 బరువులెక్క

వరుస ఇవాళే చేర్చండి, అంకె లేకపోయినా సరే. పక్కన "అంచనా" అని రాసి, యజమాని గడిలో ఒక మనిషి పేరు పెట్టండి. టీము పేరు వద్దు.